మా ఇల్లే, లోపలికి రా

ఇల్లు లేనివాడు కూడా "మా ఇంటికి రండి" అనే పిలుస్తాడు మనలో. ఆ మర్యాదే నా కొంప ముంచింది. కొంప ముంచింది అన్నానని నాకేదో కొంప ఉందనుకునేరు. ఈ గొడవంతా అది లేకనే.

నేను దీనమ్మను. మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో అంచులు రుద్దే పని నాది. బడిపిల్లలు పలకలు మానేసి చాలా కాలమైంది గానీ, ఎక్కడెక్కడి వాళ్ళకో గోడలకీ నేలకీ మా పలకరాయే కావాలట, అందుకని ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది. మా ఆయన శాంతయ్య అదే ఫ్యాక్టరీలో కోత మిషను మీద పంతొమ్మిదేళ్ళు చేశాడు. రాయి కోస్తుంటే లేచే దుమ్ము జల్లించిన పిండిలాగా ఉంటుంది. మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలనుకున్నాం. మూడేళ్ళ కిందట ఆయనకు పది అడుగులు వేస్తే ఆయాసం రావడం మొదలైంది. ఒంగోలు డాక్టరు ఫిల్మును లైటుకు పెట్టి చూసి, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుపోయిందన్నాడు. అది మందులకు దిగేది కాదన్నాడు. మెట్లు మాత్రం ఎక్కనివ్వొద్దన్నాడు.

మేముండేది మిద్దె మీద రేకుల గది. పద్దెనిమిది మెట్లు. ఆయనకు ఎక్కితే దిగడానికి భయం, దిగితే ఎక్కడానికి భయం. చివరికి దిగడమే మానుకున్నాడు. ఎండాకాలం మా ఊళ్ళో రేకుల కింద ఎట్లా ఉంటుందో నన్ను అడగొద్దు, నోట్లోంచి మంచి మాట రాదు.

ఇంటి ఓనరు గోవిందమ్మ కింద ఉంటుంది. చెడ్డ మనిషి కాదు. ఈ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత నాకు చెప్పబుద్ధి కాదు. పండగపూట గిన్నెలో ఏదో ఒకటి పెట్టి పంపేది. బాడుగ నాలుగు రోజులు ఆలస్యమైనా గుమ్మంలో నిలబడి అరిచే రకం కాదు. కానీ ఆయన దగ్గు పెరిగాక ఒకరోజు నన్ను కుళాయి దగ్గర నిలేసింది.

"ఏమీ అనుకోకు దీనమ్మా. శాంతయ్య వాటం చూస్తే నాకు గుండె దడ పుడతాంది. ఏ నక్షత్రాన పోతాడో ఏమో. చెడ్డ నక్షత్రమైతే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాల. కింద మేం యాడికి పోవాల చెప్పు?"

"ఇంకా పోలేదులే గోవిందమ్మక్కా" అన్నాను.

"అదేనమ్మే, పోకముందే ఏదో ఒకటి చూసుకోమంటన్నా."

మా ఊళ్ళోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్ళో అయినా బాడుగ ఇంట్లో బతకొచ్చు గానీ చావకూడదు. ఆసుపత్రిలో పోతే శవాన్ని ఇంటి గేటు దాటి లోపలికి రానివ్వరు. ఇంట్లోనే పోతే చల్లబడకముందే బయట పెట్టమంటారు. మా ఆయన ఇంకా మెట్లు దిగే రోజుల్లో, మా వెనక సందులో కాటమరాజు అని పెద్దాయన పోతే, రోడ్డు పక్కన టెంటు వేసి పడుకోబెట్టారు. లారీలు హారను కొట్టుకుంటూ పోతున్నాయి. ఆయన భార్య శవం మీద పడే దుమ్మును కొంగుతో తుడుస్తూ కూర్చుంది. అది చూసి వచ్చినప్పటి నుంచి మా ఆయన ఒకటే మాట.

"దీనమ్మా, నన్ను మాత్రం రోడ్డు మీద పండబెట్టొద్దే."

అంతే. ఇంకేమీ అడగలేదు ఆ మనిషి. నేలమీద ఒక గది, మెట్లు లేనిది. అందులోంచి ఆయన్ని ఎత్తుకుపోయేటప్పుడు తాళంచెవులు పట్టుకుని ఎవరూ నిలబడకూడదు. ఊళ్ళో ఆయన వాటాకొచ్చిన కొట్టం ఎప్పుడో కూలిపోయింది, దాని జాగా అన్నదమ్ములు కలిపేసుకున్నారు. ఒక్కగానొక్క కూతురు రోజీ వెలిగండ్లలో అత్తమామలతో ఉంటుంది. ఇంక మాకు ఎక్కడ దొరుకుతుంది ఆ గది? అందుకే నేను బాడుగ ఇళ్ళవాళ్ళ సంఘంలో చేరాను. మంత్రిని కావాలని కాదు, ఊరిని ఉద్ధరించాలనీ కాదు.

సంఘం పెట్టింది మాల్యాద్రి మాస్టారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు, ముప్పై ఏళ్ళుగా బాడుగ ఇళ్ళల్లోనే కాపురం. పదకొండు ఇళ్ళు మారాడట. తర్లుపాడు రోడ్డులో సర్కారు నాలుగంతస్తుల బ్లాకులు కడుతుంటే, ఆ ప్లాను ఎక్కడో సంపాదించి మా ముందు పరిచాడు. అన్నీ ఒకే సైజు. అన్నింటికీ బ్యాంకు లోను. రోజుకూలీకి లోను ఎవరిస్తారు? మోకాళ్ళు పోయిన ముసలమ్మకు మూడో అంతస్తు వస్తే ఆమె గాలిలో ఎగిరిపోవాలా? మొగుడు వదిలేసిన ఆడమనిషి పేరు ఏ కార్డులో ఉంటుంది? మాస్టారు మా మాటలన్నీ విని అర్జీ రాశాడు. అందులో "వైవిధ్యభరితమైన, అందుబాటు ధరల గృహవసతి" అని ఒక ముక్క ఉంది. మా ఆడవాళ్ళకు అది నోరు తిరగలేదు. సోమవారం గ్రీవెన్సులో ఆఫీసరు ఆ ముక్క చదివి, "ఏంటమ్మా ఇది, మీకేం కావాలో అర్థమయ్యేలా చెప్పండి" అన్నాడు.

మాస్టారు గొంతు సవరించుకునేలోపు నేనే అందుకున్నాను.

"సార్, ఊళ్ళో ఆడోళ్ళందరికీ ఒకే కొలత రవిక కుట్టిస్తే ఎట్ల ఉంటది? బక్కదానికి జారిపోతది, లావుదానికి చిరిగిపోతది. ఇళ్ళు కూడా అట్లనే కడతన్నారు. మాకు లోన్లొద్దు. నెలనెలా కట్టుకునే చిన్న బాడుగ గదులు కట్టండి. జబ్బుమనుషులకు కింద ఇయ్యండి. ఇంట్లో పలకలు రుద్దుకునేదానికి ముందు రెండు గజాల వసారా ఇడవండి. అంతే సార్ ఆ వైవిధ్యం."

ఆఫీసరు నవ్వాడు. నవ్వి రాసుకున్నాడు. రాసుకున్నాడు కదా అని మేం సంబరపడ్డాం. ఆ రాసుకున్న కాగితం ఎక్కడికి పోయిందో ఆయనకే తెలియదని తర్వాత తెలిసింది.

రెండేళ్ళు తిరిగాం. ఎండలో కూర్చున్నాం, రాస్తారోకో చేశాం, కూలి పోగొట్టుకున్నాం. "బాడుగ సంఘమోళ్ళు వచ్చినారు, కుర్చీలు తీయండ్రా" అని ఆఫీసుల్లో ఎగతాళి. ఓట్లప్పుడు పార్టీలవాళ్ళందరూ వచ్చి మా ఆయన మంచం పక్కన కూర్చుని ఫోటోలు దిగారు. ఓట్లయ్యాక ఆ మెట్లు ఎక్కినవాడు లేడు. నేను ఫ్యాక్టరీలో పూటపనికి ఒప్పుకుని మిగతా పూట సంఘం పని చూసేదాన్ని. నా ఎదురుగా కూర్చుని అంచులు రుద్దే ఝాన్సీని కూడా నేనే లాక్కొచ్చాను. దాని మొగుడు ఇళ్ళు కట్టే బేల్దారి పనికని పోయి తిరిగి రాలేదు. వాడి తల్లిని మాత్రం దీని నెత్తిన పెట్టి పోయాడు. "నాకెందుకక్కా ఇయన్నీ, మనకెవురిస్తారు" అని గొణిగేది ఝాన్సీ. చెయ్యిపట్టి ఆటో ఎక్కించేదాన్ని.

ఆఖరికి ఒక బ్లాకు మా మాట ప్రకారం మారింది. ఒకే ఒక్క బ్లాకు. చిన్న బాడుగ గదులు, నామమాత్రం బాడుగ, ఉన్నన్నాళ్ళూ ఎవరూ ఖాళీ చేయమనరు. కింది అంతస్తులో పద్నాలుగు గదులు, ముందు వసారాతో. అవి జబ్బుమనుషులున్న ఇళ్ళకే. ఆ కాగితం వచ్చిన రోజు మాస్టారు ఏడ్చాడు. నేను మైసూరుపాకు కొనుక్కుపోయి మా ఆయన నోట్లో పెట్టాను. "కింద గదేనా?" అన్నాడు. కిందేనయ్యా అన్నాను. నమలకుండా అట్లాగే నోట్లో పెట్టుకుని చాలాసేపు నవ్వుతూ ఉన్నాడు.

దానికి ఒక షరతు. సర్వే జరుగుతుంది. సొంత ఇల్లు ఉన్నవాళ్ళు లిస్టులోకి రారు. అది న్యాయమే, కాదని ఎవరంటారు? కానీ మావాళ్ళ సంగతి నాకు తెలుసు. బాడుగ ఇంట్లో ఉన్నా మా ఇల్లు అనే అంటారు. "మీ ఇల్లెక్కడ?" అంటే "మా ఇల్లు ఫలానా సందులో" అంటారే తప్ప, "మాది కాదండీ, ఓనరుది" అని ఎవరైనా అంటారా? అందుకని సర్వేకి వారం ముందు మాస్టారు ఇంటి ముందు ఆడవాళ్ళను కూర్చోబెట్టి రిహార్సలు పెట్టాను. నేనే ఆఫీసరును. నడుముకు చున్నీ బిగించి, చేతిలో పలక పట్టుకుని వచ్చి అడిగాను.

"ఏమ్మా, ఈ ఇల్లు ఎవరిది?"

"మాదే సార్! రండి, మంచినీళ్ళు తాగుతారా?" అంది ఝాన్సీ అత్త.

ఒకటే నవ్వులు. "అయిపోయింది పో, నీకు గది లేదు" అని పలక మీద సున్నా చుట్టాను. "ఎవురడిగినా బాడుగ ఇల్లు అనాల. మా ఇల్లు అనే మాట ఈ వారం నోట్లో నుంచి రాకూడదు. వచ్చినోళ్ళకు నీళ్ళియ్యకపోయినా పర్వాలేదు, బాడుగ అనే మాట ముందు ఇయ్యండి" అన్నాను. ఒక్కొక్కరి చేత పదేసిసార్లు అనిపించాను. ఝాన్సీ అత్త దారిలో కనపడినవాళ్ళకు కూడా "మాది బాడుగిల్లు" అని చెప్పుకుంటూ పోయింది. నలభై ఇళ్ళవాళ్ళకు నేర్పాను.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడి చచ్చిందట. మా ఆయనకు నేర్పలేదు నేను. రోజూ నేను ఇంటికొచ్చి ఇదంతా చెప్పి నవ్విస్తుంటే వింటున్నాడు కదా, ఇంక నేర్పేదేముంది అనుకున్నాను.

సర్వే రోజు నేను సంఘం వాళ్ళ గుమ్మాల ముందు కాపలా ఉన్నాను. ఏ ముసలమ్మ నోరు జారుతుందో అని ఒక్కో ఇంటి దగ్గరా నిలబడి కళ్ళతో సైగలు చేశాను. మా సందుకు మర్నాడు వస్తారన్నారు. కానీ ఇంకో సర్వే అమ్మాయి ఆ పూటే మా సందుకు పోయింది. నేను ఇల్లు చేరేసరికి మా ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. మొహం కళకళలాడుతోంది.

"సర్వే పిల్ల వచ్చిపోయింది దీనమ్మా. మంచి పిల్ల. ఎండన బడి పద్దెనిమిది మెట్లెక్కి వచ్చింది పాపం."

"ఏమడిగింది?"

"గడప బయటే నిలబడి, ఇల్లు ఎవరిది తాతా అన్నది. మా ఇల్లే, లోపలికి రా తల్లీ, కూర్చో అన్నా. ఫ్యాను కిందికి కుర్చీ జరిపినా."

"బాడుగ అని చెప్పలేదా?"

"ఆ పిల్ల బాడుగ గురించి అడగలేదే. అడిగితే చెప్తుంటి."

"వేలు పెట్టించుకున్నదా?"

"పెట్టినా. ఒక్క తూరికే పడింది" అన్నాడు గొప్పగా.

అది ఆయనకు గొప్పే. పలకరాయి రుద్ది రుద్ది మా ఫ్యాక్టరీవాళ్ళ వేళ్ళకు గీతలుండవు. రేషను దగ్గర మా వేలు పడదు, బ్యాంకులో పడదు. మిషను ముందు అరగంట నిలబడి వేలు నాకి, కొంగుకు తుడిచి, మళ్ళీ పెట్టాలి. ఆయన రెండేళ్ళుగా పని మానేసి ఇంట్లో ఉన్నాడు కదా, వేళ్ళకు కొత్తగా గీతలు మొలిచాయి. పంతొమ్మిదేళ్ళలో ఏనాడూ పడని వేలు ఆ రోజు మొదటిసారికే పడింది.

నేను ఆయన్ని తిట్టాను. దాచడమెందుకు, నోటికొచ్చినట్టు తిట్టాను. "నీ మర్యాద తగలెయ్య! పెద్ద జమీందారువి, మా ఇల్లంట మా ఇల్లు!" ఆయన తల వంచుకున్నాడు. మెల్లగా అన్నాడు.

"ఇంటికొచ్చిన పిల్లను గడప బయట నిలబెట్టి, ఈ ఇల్లు నాది కాదు తల్లీ అని చెప్పాల్నా? నోరు రాలేదే."

నేను లేచి ఆయన కార్డులన్నీ సంచిలో సర్దాను.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు తలుపు తీయకముందే పోయి కూర్చున్నాను. ఆ అమ్మాయి ఫోను చూసి, "సొంత ఇల్లు అని పడింది ఆంటీ. తాత చెప్పిందే కొట్టినా. ఒకసారి సబ్మిట్ అయినాక ఎడిట్ ఆప్షన్ లేదు" అంది. సర్వే కాగితం ప్రింటు తీసి నా చేతిలో పెట్టి, అర్జీ ఇమ్మంది, ఇచ్చాను. మీ వేలు పెట్టమంది, పెట్టాను. నా వేలు పడలేదు. నేనింకా పనిలోనే ఉన్నాను కదా. సోమవారం గ్రీవెన్సుకు పోయాను. మాస్టారు నా కోసం తెల్లకాగితాలు ఎన్ని నింపాడో లెక్కలేదు. ప్రతి చోటా అదే మాట, ఎడిట్ లేదు, ఎడిట్ లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి కూడా పాపం ఇచ్చేవాడే, ఫోను ఇవ్వదట. నాలుగు నెలలు అట్లా గడిచాయి.

ఈలోగా లిస్టు వచ్చింది. నలభై ఇళ్ళల్లో ముప్పై ఆరింటికి గదులు వచ్చాయి. ఝాన్సీకి అత్త మోకాళ్ళ సర్టిఫికెట్టు మీద కింది అంతస్తులోనే వచ్చింది. నా దగ్గరికి పరిగెత్తుకొచ్చి, నా కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. "నువ్వు నా తల్లివక్కా. నా ఇల్లు నీ ఇల్లు కాదా? ఎప్పుడొచ్చినా నీదే" అంది. నేనూ ఏడ్చాను. నిజంగానే దాని కోసం సంతోషించాను. లోపల కడుపు మండింది కూడా. రెండూ నిజమే, ఏది దాచమంటారు?

మా ఆయన ఎముకల గూడైపోయాడు. ఒకరోజు గోవిందమ్మ పైకి వచ్చి, గడప బయటే నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "ఈ నెలాఖరుకు ఖాళీ చేయండి దీనమ్మా. ఏమీ అనుకోకు" అంది. ఆయన మంచంలో వింటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు నెలల నుంచి దాచుకున్న సర్వే కాగితం పెట్టెలోంచి తీసి ఆమె మొహాన పట్టాను.

"ఎవురి ఇల్లు ఎవురు ఖాళీ చేయాల? చదువుకో. డోరు నంబరు నీదే గదా? సొంతదారు ఎవురని రాసుండాది? పందిళ్ళ శాంతయ్య. సర్కారు రాసింది గోవిందమ్మక్కా, నేను గాదు. నా ఇంట్లోకొచ్చి నన్నే పొమ్మంటావా?"

అదంతా ఉక్రోషం. ఆ కాగితానికి ఏ విలువా లేదని నాకు తెలుసు. కానీ ఆమెకు తెలియదు కదా. ఆమె మొహం పాలిపోయింది. చదివింది, మళ్ళీ చదివింది, మెట్లు రెండేసి దిగి పోయింది. కింద నుంచి ఆమె తమ్ముడు శ్రీరాములుకు ఫోను చేసి అరవడం నాకు వినపడింది. శ్రీరాములు కాంట్రాక్టులు చేస్తాడు, అందరికీ కావలసినవాడు. ఆ రోజు చాలా రోజుల తర్వాత మా ఆయన నవ్వాడు. "భయపెట్టినావు గదే పాపం" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫ్యాక్టరీలో అన్నం తింటుంటే నా ఫోను మోగింది. మెసేజీ. ఝాన్సీ చదివి పెట్టింది. "మీ కుటుంబ వివరాలు సవరించబడినవి. సొంత ఇల్లు, లేదు."

ఒక్క రోజు! నాలుగు నెలలు నేను అరిగిపోయిన చెప్పులతో తిరిగితే లేని ఎడిట్టు, శ్రీరాములు ఒక్క ఫోను కొడితే వచ్చింది. కోపం తర్వాత, ముందు ఆశ వచ్చింది నాకు. చేయి కడుక్కోకుండా ఆఫీసుకు పరిగెత్తాను.

"ఎడిట్ లేదంటివి గదమ్మా?"

"మాకు లేదు ఆంటీ. పైనోళ్ళకు ఉంది. ఇంటామె కంప్లైంట్ పెట్టింది, పై నుంచి మార్చినారు."

"మరి నేనిచ్చినవి ఏంది? శుభలేఖలా?"

ఆ అమ్మాయి తల ఎత్తలేదు. "ఇప్పుడు మీరు అర్హులే ఆంటీ. కానీ లిస్టు క్లోజ్ అయింది. గదులన్నీ ఇచ్చేసినారు. మళ్ళీ బ్లాకు కడితే మీ పేరే ముందు."

మళ్ళీ బ్లాకు! ఒకటి మార్పించడానికి మాకు రెండేళ్ళు పట్టింది. మా ఆయన దగ్గర రెండేళ్ళు ఎక్కడున్నాయి? సాయంత్రం ఇంటికి వస్తే గోవిందమ్మ మెట్ల మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఆమె చేతిలో ఇప్పుడు కొత్త కాగితం. "ఇప్పుడు నాదేనంటన్నారు గదా. నెలాఖరు గుర్తుందా?" అంది. తన తప్పు లేదు, తన ఇల్లు. నేను మెట్లెక్కాను.

నెలాఖరు దాకా ఆగలేదు ఆయన. శనివారం పొద్దున ఊపిరి అందక గింజుకుంటుంటే, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మగవాళ్ళు పద్దెనిమిది మెట్లూ దింపారు. దింపుతుంటే నా వైపు చూసి చెయ్యి ఊపాడు. సర్కారు ఆసుపత్రిలో పది గంటలకు అయిపోయింది. రోజీకి ఫోను చేస్తే వెలిగండ్ల నుంచి బస్సెక్కానంది, వచ్చేసరికి రెండు గంటలైనా పడుతుంది. బిడ్డ వచ్చేదాకా ఎక్కడైనా నీడన పడుకోబెట్టాలి, నీళ్ళు పోయాలి, పాస్టరయ్య వచ్చి ఇంటి దగ్గర ప్రార్థన చేయాలి. ఆసుపత్రి బండి డ్రైవరు వెనక తలుపు వేసి వచ్చి అడిగాడు.

"ఇంటి అడ్రసు చెప్పమ్మా."

గోవిందమ్మ ఇంటికే పోనిమ్మన్నాను. ఆమెకు ముందే తెలిసిపోయింది. గేటుకు లోపలి నుంచి తాళం. గేటు అవతల నిలబడి నిజంగానే ఏడుస్తోంది. "శాంతయ్యా, ఎంత పని చేస్తివి నాయనా" అంటోంది. తాళం మాత్రం తీయలేదు. "ఏమీ అనుకోకు దీనమ్మా, మా ఇంట్లో పెద్దోళ్ళున్నారు" అంది. నేను ఏమీ అనుకోలేదు. అనుకునే ఓపిక లేదు. తర్లుపాడు రోడ్డుకు పోనిమ్మన్నాను డ్రైవరుకు.

ఆ బ్లాకు ముందు బండి ఆగింది. గోడలకు కొత్త సున్నం వాసన. కింద పద్నాలుగు తలుపులు, ఒక్కో తలుపు ముందు రెండు గజాల వసారా. ఎవరి కోసం అడిగాను నేను ఆ వసారాలు? ఝాన్సీ బయటికి పరిగెత్తుకొచ్చింది, నన్ను వాటేసుకుని గుండెలు బాదుకుంది.

"ఝాన్సీ, రెండు గంటలే. రోజీ వచ్చేదాకా మీ వసారాలో పండబెట్టుకుంటా. లోపలికి కూడా వద్దు" అన్నాను.

అది ఏడుపు ఆపింది. వెనక్కి తిరిగి చూసింది. తలుపు దగ్గర దాని అత్త, నేను చేయి పట్టుకుని బాడుగ అనే మాట నేర్పిన మనిషి, అడ్డంగా తల ఊపుతోంది.

"అక్కా, రేపు ఆదివారం పాస్టరయ్య ప్రతిష్ఠ ప్రార్థన పెట్టినాడు. ఇంకా పాలు గూడా పొంగీలేదు. కొత్త ఇల్లు గదక్కా. మొట్టమొదట పీనుగ అడుగుపెడితే..." అంది ఝాన్సీ. నా చెయ్యి వదల్లేదు, ఏడుస్తూనే ఉంది. "ఏమీ అనుకోకక్కా. మా అత్త ఒప్పుకోదు."

మిగతా తలుపుల వైపు చూశాను. అందరూ బయటికి వచ్చి నిలబడ్డారు. కొందరు కళ్ళు ఒత్తుకుంటున్నారు. ఒక్కరూ "మా వసారాలోకి తీసుకురా" అనలేదు. నేను చూస్తుంటే ఒకామె లోపలికి పోయింది, పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు. ఇంకొకామె చీపురు తీసుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారే, ఆ సామెత నేను ఎన్నిసార్లు వాడానో, దాని నొప్పి ఆ రోజు తెలిసింది. నోరు మంచిది కాదు నాది, వాళ్ళందరినీ పేరుపేరునా కడిగేసేదాన్ని. బండిలో ఆయన ఉన్నాడు. ఇంటికొచ్చినవాళ్ళను గడప బయట నిలబెట్టడం తెలియని మనిషి, ఆయన వింటాడని ఊరుకున్నాను. ఒక్క మాట మాత్రం ఆగలేదు.

"సరేలే గోవిందమ్మక్కా" అన్నాను ఝాన్సీతో.

దాని మొహం చెంపదెబ్బ తిన్నట్టు అయిపోయింది. నా చెయ్యి వదిలేసింది. నేను బండెక్కి ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నాను. పోనీ నాయనా అన్నాను డ్రైవరుతో. ఎక్కడికని అతను మళ్ళీ అడగలేదు.